టీనేజ్ పిల్లల్లో పల్స్ ఎక్కువగా ఉంటే: 96 అనే అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

బెంగళూరు మారతహళ్ళిలోనో కేఆర్ పురంలోనో ఒక తెలుగింట్లో పదహారేళ్ళ అమ్మాయి చేతికి కొత్తగా స్మార్ట్ వాచ్ వస్తుంది. రెండో రోజు రాత్రి చదువుకుంటూ వాచ్ వంక చూస్తే పల్స్ 96. అదే వాచ్ నాన్న పెట్టుకుంటే 71. ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు. ఫోన్‌లో వెతికితే నానా జబ్బుల పేర్లూ వస్తాయి, తెల్లారేసరికి ఎకో (గుండె స్కానింగ్) తీయించాలా, ఏ కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్ళాలి అనే దాకా మాట వెళ్తుంది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2021 అక్టోబర్‌లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయినప్పుడు బెంగళూరు ఆసుపత్రుల్లో గుండె పరీక్షల కోసం జనం బారులు తీరారు. 2025లో హాసన్ జిల్లాలో కొద్ది వారాల్లోనే ఇరవై మందికి పైగా గుండె జబ్బుతో పోయారని, వాళ్ళలో కుర్రవాళ్ళు కూడా ఉన్నారని వార్తలు రావడంతో బెంగళూరు, మైసూరు జయదేవ ఆసుపత్రులు మళ్ళీ కిటకిటలాడాయి. ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ లెక్కలు చూసి, అసాధారణమైన పెరుగుదల ఏమీ లేదని చెప్పింది. అయినా "చిన్న వయసులోనే గుండెపోటు" అనే మాట ఇళ్ళల్లో ఉండిపోయింది. వాచ్‌లో 96 కనబడగానే మనసు అటే పరుగెడుతుంది.

నిజానికి ఆ రెండూ వేరు వేరు సంగతులు. పెద్దవాళ్ళ గుండెపోటు అంటే గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళం పూడుకుపోవడం. పదహారేళ్ళ పిల్ల కూర్చున్నప్పుడు పల్స్ కాస్త ఎక్కువగా ఉండటానికి దానితో దాదాపుగా సంబంధం ఉండదు. చాలాసార్లు గుండె బాగానే ఉంటుంది, ఒంట్లో ఇంకెక్కడో ఉన్న లోటును పూడ్చడానికి అది ఎక్కువ పని చేస్తూ ఉంటుంది. ఆ లోటు ఏమిటో కనుక్కోవడమే అసలు పని.

క్లుప్తంగా

టీనేజ్‌లో విశ్రాంతిగా ఉన్నప్పుడు పల్స్ నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలే. ఒక్కసారి కనిపించిన అంకె కన్నా, అది ఎలా మొదలైంది, నిద్రలో తగ్గుతోందా, నిలబడితే ఎంత పెరుగుతోంది అనేవి ఎక్కువ విషయం చెబుతాయి. తరచుగా కనిపించే కారణాలు రక్తం తక్కువగా ఉండటం, నిద్ర చాలకపోవడం, కెఫీన్, జ్వరం, నీళ్ళు తాగకపోవడం, కదలిక లేకపోవడం, టెన్షన్. థైరాయిడ్, గుండె కరెంటు తేడాలు, గుండె కండరం వాపు అరుదు, కానీ వాటికి గుర్తుపట్టగల లక్షణాలు ఉన్నాయి.

60 నుంచి 100 అనే లెక్కలో పిల్లలు ఎక్కడ ఉంటారు

పుట్టిన బిడ్డ గుండె నిమిషానికి 120, 140 సార్లు కొట్టుకున్నా ఎవరూ కంగారు పడరు. గుండె చిన్నది, ఒక్క దెబ్బకు బయటికి నెట్టే రక్తం తక్కువ, కాబట్టి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. వయసుతో పాటు గుండె పెరుగుతుంది, వేగం తగ్గుతూ వస్తుంది. టీనేజ్ అనేది ఆ తగ్గుదల ఇంకా పూర్తికాని కాలం. అందుకే పదమూడేళ్ళ పిల్లవాడికి 88, వాళ్ళ నాన్నకు 70 ఉండటం వింత కాదు. ఒకే వయసులో అబ్బాయిల కన్నా అమ్మాయిలకు సగటున నాలుగైదు ఎక్కువే ఉంటుంది. రోజూ కంఠీరవ స్టేడియంలో పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాడికి 52 ఉండొచ్చు, అదీ ఆరోగ్యమే. నిద్రలో అందరికీ ఇంకా తగ్గుతుంది, టీనేజ్ పిల్లలకు 50 ప్రాంతానికి రావడం కూడా మామూలే.

ఇంకో విషయం చాలా ఇళ్ళల్లో అనవసరంగా భయపెడుతుంది. ఊపిరి పీల్చినప్పుడు పల్స్ కాస్త పెరిగి, వదిలినప్పుడు తగ్గుతుంది. పిల్లల్లో, టీనేజ్‌లో ఇది బాగా తెలుస్తుంది. వేలు పెట్టి చూస్తే "ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా కొట్టుకుంటోంది" అనిపిస్తుంది. ఊపిరితో పాటు మారుతున్నంత వరకు అది మంచి గుర్తే, నాడీ వ్యవస్థ గుండెను చక్కగా అదుపు చేస్తోందని అర్థం.

అయితే 100 అనే గీత ప్రకృతి గీసింది కాదు. వైద్యులు సౌకర్యం కోసం పెట్టుకున్న హద్దు. 99 సురక్షితం, 101 జబ్బు అని కాదు. ఎప్పుడూ 70 ఉండే అమ్మాయికి నెల రోజులుగా 94 ఉంటే, అది వందలోపే అయినా ఆలోచించాల్సిన మార్పే. చిన్నప్పటి నుంచీ 92 ఉండి, ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లకు 92 ఉండటంలో వార్త ఏమీ లేదు.

వేగం ఎవరు నిర్ణయిస్తారు

గుండె పైగదిలో కుడివైపు ఒక చిన్న కణాల ముద్ద ఉంటుంది, సైనస్ నోడ్ అంటారు. గుండెకు కరెంటు అక్కడ పుడుతుంది. నరాల జోక్యం అసలు లేకుండా వదిలేస్తే కుర్రవయసులో ఆ నోడ్ దానంతట అది నిమిషానికి వంద పైనే కొడుతుంది. మనం కూర్చున్నప్పుడు 70 ఉండటానికి కారణం మెదడు నుంచి దిగే వేగస్ నరం. అది పగలూ రాత్రీ బ్రేక్ పట్టుకుని ఉంటుంది. ఇంకోవైపు సింపథెటిక్ నరాలు, అడ్రినలిన్ కలిసి యాక్సిలరేటర్ పని చేస్తాయి.

ఇది తెలిస్తే చాలా సంగతులు విడిపోతాయి. పల్స్ పెరిగిందంటే ఎప్పుడూ యాక్సిలరేటర్ నొక్కినట్టే కానక్కర్లేదు, బ్రేక్ వదులైనా పెరుగుతుంది. నిద్ర చాలనప్పుడు, వారాల తరబడి కుర్చీకి అతుక్కుపోయినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. రక్తం తగ్గినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, భయపడినప్పుడు యాక్సిలరేటర్ పడుతుంది. సైనస్ నోడ్‌ను పక్కకు నెట్టి ఇంకో దారిలో కరెంటు గిరగిరా తిరగడం మూడో రకం, అరుదైనది, అదొక్కటే నేరుగా గుండె కరెంటు జబ్బు.

వాచ్ చెప్పింది, వేలు చెప్పింది

స్మార్ట్ వాచ్ కింద మెరిసే ఆకుపచ్చ లైటు చర్మంలోకి వెళ్ళి, రక్తం పొంగినప్పుడల్లా ఎంత వెలుగు వెనక్కి వస్తోందో కొలుస్తుంది. చెయ్యి కదలకుండా ఉండి, పట్టీ సరిగ్గా బిగిస్తే అంకె బాగానే వస్తుంది. పట్టీ వదులైనా, చెయ్యి ఊపుతున్నా, టైప్ చేస్తున్నా తప్పులు వస్తాయి. పైగా వాచ్‌లో కనిపించే ప్రతి అంకే "విశ్రాంతి పల్స్" కాదు. అన్నం తిన్న అరగంటకు, మెట్లెక్కి వచ్చి కూర్చున్న రెండు నిమిషాలకు, పరీక్ష గుర్తొచ్చి ఉలిక్కిపడ్డ క్షణానికి అది చూపించేది ఆ క్షణం పల్స్ మాత్రమే.

సరైన కొలత కావాలంటే పాత పద్ధతే నమ్మకం. పొద్దున్నే నిద్ర లేచి, మంచం దిగకముందే, కాఫీ తాగకముందే, బొటనవేలు కాకుండా చూపుడు వేలు, మధ్య వేలు మణికట్టు మీద పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. వారం రోజులు ఇలా రాసుకుంటే పిల్ల అసలు పల్స్ ఎంతో తెలుస్తుంది. క్లినిక్‌లో 108 వచ్చిన పిల్లకు ఇంట్లో పొద్దున 78 రావడం తరచుగా జరుగుతుంది, డాక్టర్ గదిలో కూర్చుంటేనే చాలామందికి గుండె వేగం పెరుగుతుంది కాబట్టి.

బెంగళూరు ఎత్తు మీద కూడా ఒక అనుమానం వినిపిస్తుంది. నెల్లూరు నుంచో కడప నుంచో పీయూ (మన ఇంటర్) చదువుకు వచ్చిన పిల్లలకు "ఇక్కడ గాలి పలుచన, అందుకే దడ" అంటారు. ఈ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. లేహ్ లాంటి 3,500 మీటర్ల చోట పల్స్ పెరుగుతుంది కానీ 900 మీటర్ల దగ్గర విశ్రాంతి పల్స్ మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదు. ఊరు మారినప్పుడు మారేవి తిండి, నిద్ర, ఒంటరితనం. వెతకాల్సింది అక్కడ.

రక్తం తక్కువ: అందరికీ తెలిసి, ఎవరూ ముందు చూడని కారణం

దేశవ్యాప్తంగా 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59.1 శాతం మందికి, అబ్బాయిల్లో 31.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత పెద్ద అంకె కళ్ళ ముందున్నా, పల్స్ ఎక్కువైన పిల్లకు చాలా ఇళ్ళల్లో ముందు గుర్తొచ్చేది ఎకో. తర్వాతెప్పుడో హిమోగ్లోబిన్. వరుస తిరగబడింది.

ఎలా పనిచేస్తుందో లెక్క చూస్తే అర్థమవుతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 13 (అంటే 100 మిల్లీలీటర్ల రక్తానికి 13 గ్రాములు) ఉన్న పిల్ల లీటరు రక్తంలో 130 గ్రాములు ఉంటుంది, అంటే దాదాపు 174 మిల్లీలీటర్ల ఆక్సిజన్. అదే 8కి పడిపోతే లీటరుకు 107 మాత్రమే. ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ తగ్గదు కదా, కాబట్టి గుండె అదే రక్తాన్ని ఎక్కువసార్లు తిప్పి పంపాలి. కొద్దిగా తగ్గినప్పుడు ఇది కూర్చున్నప్పుడు తెలియదు, మూడో అంతస్తు పీజీ గదికి మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది. బాగా పడిపోతే కూర్చున్నా దడ మొదలవుతుంది. నీరసం, పాలిపోయిన కళ్ళు, తలనొప్పి, జుట్టు ఊడటం, మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపించడం తోడుగా ఉంటే అనుమానం బలపడాలి.

అమ్మాయిల్లో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: నెలసరి ఎన్ని రోజులు, ఎంత? ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి వచ్చినా అది ఎక్కువ రక్తస్రావమే. హాస్టల్లో ఉన్న పిల్ల ఈ మాట వార్డెన్‌కు చెప్పదు, ఫోన్‌లో నాన్నకు చెప్పదు, డాక్టర్ గదిలో అందరి ముందు అసలే చెప్పదు. అమ్మో అక్కో పక్కకు తీసుకెళ్ళి అడిగితేనే బయటికొస్తుంది.

తిండితో సరిచేయాలనుకుంటే బీట్‌రూట్, బెల్లం మీద మన ఇళ్ళల్లో ఉన్న నమ్మకం కొంచెం ఎక్కువే. బీట్‌రూట్ రంగు ఎరుపు, అందులో ఇనుము తక్కువ. తోటకూర, మునగాకు, పప్పులు, నువ్వులు, తినేవాళ్ళకు మాంసం, కాలేయం మేలు. ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉండాలి, భోజనం అయిన వెంటనే కాఫీ, టీ తాగకూడదు. హిమోగ్లోబిన్ బాగా తగ్గాక తిండి ఒక్కటే చాలదు, మాత్రలు కావాలి. ప్రభుత్వ పథకంలో టీనేజ్ పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర తగ్గకుండా చూడటానికి, తగ్గినదాన్ని నింపడానికి డాక్టర్ చెప్పే మోతాదు వేరు. నెలలో ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది. అంకె మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండటానికి మరో రెండు మూడు నెలలు వాడాలి. చాలామంది ఆపేసేది సరిగ్గా అక్కడే, ఆరు నెలల్లో మళ్ళీ మొదటికి వస్తుంది.

కాఫీ, ఎనర్జీ డ్రింకులు, నిద్ర

కాఫీ లేకుండా బెంగళూరు గురించి మాట్లాడలేం. కెఫీన్ పల్స్‌ను నేరుగా పెంచడం మనిషిని బట్టి మారుతుంది, రోజూ తాగేవాళ్ళలో ఆ ప్రభావం తక్కువ. దానికన్నా పెద్ద నష్టం నిద్రకు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9కి తాగినదాంట్లో సగం తెల్లవారుజామున 2 గంటలకు ఇంకా పని చేస్తూనే ఉంటుంది. టీనేజ్ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో చాలామంది అయిదారుతో సరిపెట్టుకుంటున్నారు. అలా గడిపితే వేగస్ బ్రేక్ సడలుతుంది, పొద్దున పల్స్ పైన నిలుస్తుంది, నీరసంగా ఉందని మళ్ళీ కాఫీ.

ఎనర్జీ డ్రింకుల సంగతి వేరు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమాల ప్రకారం కెఫీన్ పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండొచ్చు, పిల్లలకు తగదని సీసా మీదే రాయాలి. 250 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి అంటే 75 మిల్లీగ్రాముల దాకా. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది, 50 కిలోల కుర్రాడికి అది 150. అంటే రెండు డబ్బాలతో కోటా నిండిపోయింది, ఇంట్లో తాగిన కాఫీ ఇంకా లెక్కలోకే రాలేదు. జిమ్‌లలో చేతులు మారే ప్రీ వర్కవుట్ పొడుల్లో ఒక్క స్కూప్‌లోనే 200 దాటేవి ఉన్నాయి. కుర్రాడు జిమ్‌కు వెళ్తున్నాడని సంబరపడే ఇంట్లో ఆ డబ్బా మీది అక్షరాలు ఒకసారి చదవడం మంచిది.

మందులూ చూడాలి. ఆస్తమా ఇన్హేలర్లో ఉండే సాల్బుటమాల్, కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని, నిలకడ లేని సమస్య) ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ పల్స్ పెంచుతాయి. ఇవి చూసి మందు సొంతంగా ఆపేయకూడదు, ముఖ్యంగా ఇన్హేలర్. డాక్టర్‌కు చెబితే చాలు. ఈ-సిగరెట్లను మన దేశంలో 2019 నుంచి చట్టం నిషేధించినా, వేపింగ్ పిల్లల చేతుల్లోకి రావడం ఆగలేదు. అందులోని నికోటిన్ నేరుగా గుండె వేగం పెంచుతుంది. ఈ ప్రశ్న కోపంగా అడిగితే నిజం రాదు.

జ్వరం, నీళ్ళు, డెంగీ కాలం

ఒళ్ళు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే పల్స్ సుమారు 10 పెరుగుతుంది. మన ఇళ్ళల్లో చూసుకునే ఫారన్‌హీట్ లెక్కలో 98.6 నుంచి 102 అంటే దాదాపు రెండు డిగ్రీల సెల్సియస్, 78 ఉండే పల్స్ 98 అవుతుంది. జ్వరం తగ్గితే అదీ తగ్గుతుంది. నీళ్ళు చాలకపోయినా ఇంతే, కాలేజీలో బాత్రూమ్ బాగుండదని రోజంతా నీళ్ళు తాగని అమ్మాయిలు ఎందరో ఉన్నారు.

డెంగీలో మాత్రం ఈ సూత్రం తిరగబడే ఘడియ ఒకటి ఉంది. మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగిపోయి "తగ్గింది" అనుకునే సమయంలోనే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారే ప్రమాదం మొదలవుతుంది. జ్వరం తగ్గినా పల్స్ వేగంగా, బలహీనంగా ఉండి, చేతులు కాళ్ళు చల్లబడి, కడుపు నొప్పి, వాంతులు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ గంటలు కూడా లెక్కే.

టెన్షన్, కదలని ఒళ్ళు

పరీక్షలు దగ్గర పడ్డప్పుడు పల్స్ పెరగడం అందరికీ అర్థమయ్యేదే. అర్థం కానిది, టెన్షన్ లేదని పిల్ల నిజాయితీగా చెబుతున్నా ఒళ్ళు ఒప్పుకోకపోవడం. అడ్రినలిన్‌కు మాటలతో పని లేదు. పదే పదే వాచ్ చూసుకోవడం దీన్ని ఇంకా పెంచుతుంది: అంకె చూడటం, భయం, అంకె పెరగడం, మళ్ళీ చూడటం. కొన్ని రోజులు వాచ్ తీసి పక్కన పెట్టి, రోజుకు ఒక్కసారి వేలితో లెక్కపెడితే ఈ చక్రం చాలామందిలో తెగుతుంది.

రెండోది కదలిక. పెద్దల మాట విని గుండె జాగ్రత్త అంటూ ఆటలు మానిపించడం సాధారణంగా తప్పు దిశ. పరుగు, ఈత, సైకిల్, ఏదైనా సరే క్రమంగా చేస్తే గుండె ఒక్క దెబ్బకు ఎక్కువ రక్తం నెట్టడం నేర్చుకుంటుంది, విశ్రాంతిలో తక్కువసార్లు కొడితే సరిపోతుంది. 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళకు రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు వంచే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2016 లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా 11-17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి అది అందడం లేదు. ఉదయం ఆరుకు మొదలై రాత్రి పదికి ముగిసే కోచింగ్ కాలేజీ టైమ్‌టేబుల్‌లో ఆ గంట ఎక్కడుందో తల్లిదండ్రులు చేరే ముందే అడగాలి.

లేచి నిలబడగానే పరుగెత్తే గుండె

కొందరు పిల్లలకు పడుకుంటే 74, లేచి నిలబడితే 120. కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు తేలిపోతాయి, తల మబ్బుగా ఉంటుంది. ప్రార్థనలో నిలబడలేని పిల్లను "బద్ధకం" అని తిట్టిన సందర్భాల్లో కొన్ని ఇవే కావచ్చు. దీని పేరు పాట్స్. నిలబడినప్పుడు అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది, మామూలుగా నాళాలు బిగుసుకుని దాన్ని పైకి పంపుతాయి. పాట్స్‌లో ఆ బిగింపు సరిగ్గా జరగదు, ఆ లోటును గుండె వేగంతో పూడుస్తుంది. టీనేజ్‌లో నిలబడిన 10 నిమిషాల్లోపు పల్స్ 40 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి, బీపీ పెద్దగా పడిపోకుండా, ఇబ్బందులు మూడు నెలలకు పైగా ఉంటే ఈ నిర్ధారణకు వస్తారు. వైరల్ జ్వరం, కోవిడ్ తర్వాత మొదలైనవి చాలా ఉన్నాయి, అమ్మాయిల్లో ఎక్కువ.

ఇంట్లో చూడాలంటే పది నిమిషాలు పడుకోబెట్టి పల్స్ రాసి, ఏమీ ఆనుకోకుండా నిలబెట్టి 1, 3, 5, 10 నిమిషాలకు రాయాలి. పక్కన ఒకరుండాలి, పడిపోవచ్చు. వైద్యం నీళ్ళు, డాక్టర్ చెప్పినంత ఉప్పు, బిగుతు మేజోళ్ళు, పడుకుని కూర్చుని చేసే వ్యాయామాలతో మొదలవుతుంది. నెమ్మదిగా అయినా ఎక్కువమంది మెరుగుపడతారు.

నిద్రలో కూడా తగ్గకపోతే

టెన్షన్‌తో పెరిగిన పల్స్ నిద్ర పట్టాక దిగుతుంది. నిద్రలో కూడా 95, 100 దగ్గరే ఉంటే కారణం ఒంట్లో ఉంది. ఇది పాత డాక్టర్లు వాడిన సులభమైన పరీక్ష, పిల్ల నిద్రపోయాక అమ్మ మెల్లగా మణికట్టు పట్టుకుని లెక్కపెడితే చాలు. జ్వరం, తీవ్రమైన రక్తహీనత కాకపోతే ముందు గుర్తొచ్చేది థైరాయిడ్ ఎక్కువ కావడం. బాగా తింటూనే బరువు తగ్గడం, చేతులు వణకడం, బెంగళూరు డిసెంబర్‌లో కూడా ఫ్యాన్ కావాలనడం, చిరాకు, మార్కులు హఠాత్తుగా పడిపోవడం దాని గుర్తులు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రక్తపరీక్షతో తేలుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు, గమ్మీలు తింటుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ఎందుకంటే ఎక్కువ బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో లేని థైరాయిడ్ జబ్బును ఉన్నట్టు చూపిస్తుంది.

గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు కీళ్ళ నొప్పులు ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతూ, జ్వరంతో, నిద్రలోనూ తగ్గని పల్స్‌తో వచ్చేది రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ళవాళ్ళలో ఎక్కువ. మన దేశంలో ఇది ఇంకా పోలేదు, గుండె కవాటాలను పాడుచేస్తుంది, సమయానికి పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజెక్షన్లతో మళ్ళీ రాకుండా ఆపొచ్చు. వైరల్ జ్వరం తర్వాత ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరానికి మించిన పల్స్ ఉంటే గుండె కండరం వాపు, అంటే మయోకార్డైటిస్, అనుమానించాలి. అది ఆగి చూసే విషయం కాదు.

గుండె కరెంటు తేడాలు ఇంకోలా ఉంటాయి. కూర్చున్న పిల్లవాడికి స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా 200, 220కి వెళ్ళి, కాసేపటికి స్విచ్ ఆపినట్టు ఆగిపోతుంది. దీన్ని ఎస్‌వీటీ అంటారు. టెన్షన్ దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, విశ్రాంతిలో 180 దాటడం దాదాపు ఉండదు. కొందరిలో పుట్టుకతోనే ఉన్న అదనపు కరెంటు దారి దీనికి కారణం. దాన్ని 1930లో వర్ణించిన ముగ్గురు వైద్యుల పేర్లతో వోల్ఫ్-పార్కిన్సన్-వైట్ సిండ్రోమ్ అంటారు, దడ లేనప్పుడు తీసిన ఈసీజీలో కూడా గుర్తు కనబడుతుంది. ఆ దారిని సన్నని తీగతో కాల్చేసే అబ్లేషన్ చాలామందికి శాశ్వతంగా నయం చేస్తుంది.

ఎంత తొందర, ఏ పరీక్షలు

పరుగెత్తుతూ స్పృహ తప్పడం, శ్రమ పడేటప్పుడు ఛాతీ నొప్పి, పడుకుంటే ఆయాసం, పెదాలు నీలం కావడం, కూర్చున్నా 180 దాటి దిగని పల్స్: వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయాలి, గ్యాస్ మాత్రతో రాత్రి గడపకూడదు. ఇంట్లో ఎవరైనా యాభై లోపు అకస్మాత్తుగా చనిపోయి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు అడగకపోయినా చెప్పాలి. కుర్రవాళ్ళ అకస్మాత్తు మరణాల వెనక తరచుగా ఉండే గుండె కండరం మందం కావడం, లాంగ్ క్యూటీ (గుండె కరెంటులో ఒక తేడా) లాంటి జబ్బులకు సూచన ఇలాంటివే, విశ్రాంతి పల్స్ 96 ఉండటం కాదు.

ఇవేవీ లేకపోతే పిల్లల డాక్టర్ దగ్గర ఉష్ణోగ్రత, బీపీ, హిమోగ్లోబిన్‌తో సహా రక్తపరీక్ష, థైరాయిడ్, ఒక ఈసీజీ. మొదటి అడుగుకు ఇంతే చాలు. ఎకో, రోజంతా పెట్టుకునే ఈసీజీ పరికరం హాల్టర్ వాటిలో ఏదైనా కనబడితే లేదా దడ వచ్చి పోతుంటే. అన్నీ బాగుండి టెన్షనే కారణమని తేలితే అదీ వైద్యం అవసరమైన విషయమే. బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ముఖ్య కేంద్రంగా 2022లో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడొచ్చు.

పల్స్ ఎక్కువ ఉంటే ముందు ముందు ఏమవుతుంది అనే ప్రశ్నకు స్వీడన్ నుంచి ఒక పెద్ద అధ్యయనం ఉంది. సగటున 18 ఏళ్ళ వయసులో సైన్యం పరీక్షలకు వచ్చిన 10 లక్షల మందికి పైగా అబ్బాయిల రికార్డులతో 2016లో వచ్చింది. పల్స్ 82 దాటినవాళ్ళలో, 62 లోపు ఉన్నవాళ్ళతో పోలిస్తే, తర్వాత ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదే పదే వచ్చే జబ్బు) 69 శాతం, ఆందోళన జబ్బులు 18 శాతం ఎక్కువగా కనిపించాయి. వినడానికి పెద్ద అంకెలు, కానీ ఓసీడీ మొదటి నుంచీ తక్కువమందికే వచ్చేది, కాబట్టి 82 దాటినవాళ్ళలో అత్యధికులకు ఏమీ రాలేదు. పల్స్ ఆ జబ్బు తెచ్చిందని కూడా ఇది చెప్పదు, ముందు నుంచే లోలోపల ఆందోళన ఉన్నవాళ్ళకే పల్స్ ఎక్కువ ఉండి ఉండొచ్చు.

బెంగళూరులో డాక్టర్ దగ్గరికి వెళ్ళే తెలుగు కుటుంబాలకు చివరిగా భాష సంగతి ఒకటి. వచ్చీరాని కన్నడలో "ఎదె నోవు" అంటే ఛాతీ నొప్పి, దడకు "ఎదె బడిత" అనాలి. ఈ ఒక్క మాట తేడాతో డాక్టర్ ఆలోచన మొత్తం వేరే దారిలో వెళ్తుంది. దానికన్నా మేలు ఒక కాగితం తీసుకెళ్ళడం: వారం రోజుల పొద్దుటి పల్స్, నిద్రలో ఎంత, నిలబడ్డాక ఎంత, దడ ఎప్పుడు ఎలా మొదలై ఎలా ఆగింది, నెలసరి తేదీలు, వాడుతున్న మాత్రలు, పొడులు, ఆ వారంలో తాగిన కాఫీలు, పడుకున్న గంటలు.